స్కూటర్‌ను వంచకండి

దాదాపు ముప్పై ఏళ్ళు నేను స్కూటర్ వెనక సీటు మీద పక్కకు తిరిగి కూర్చునే ఉద్యోగానికి వెళ్ళాను. పర్ణశాల దారిలో ఉన్న ఒక ఊరి దవాఖానాలో నేను నర్సుని. మా ఆయన అటవీశాఖ ఉద్యోగి, ఆయన డ్యూటీ కూడా అటువైపే. పొద్దున భద్రాచలంలో ఇంటి దగ్గర ఎక్కించుకుని దవాఖానా గేటు ముందు దించేవాడు, సాయంత్రం మళ్ళీ ఎక్కించుకునేవాడు. వెనక కూర్చున్న మనిషికి దారి సరిగ్గా కనిపించదు. చొక్కా కాలరూ, ఒక చెవీ, ఎడమ చెయ్యీ కనిపిస్తాయి. నేను ఆ ఎడమ చేతినే చూస్తూ వెళ్ళేదాన్ని. అది క్లచ్చు ఎప్పుడు నొక్కుతుందో, ఏ మలుపు ముందు మూడో గేరు నుంచి రెండుకు తిప్పుతుందో, గేదెలు అడ్డమొస్తే ఏం చేస్తుందో నాకు కంఠతా వచ్చేసింది.

ఒకటి రెండుసార్లు అడిగాను, ఒక్కసారి నేను నడుపుతానని.

"గేర్ల బండి నీతో యాడైతదే! స్టార్ట్ గాకపోతే బండిని వంచాలె. వంచగలవా నువ్వు?" అనేవాడు.

ఈ కాలం పిల్లలకు ఈ వంచడం సంగతి తెలియకపోవచ్చు. ఆ రోజుల్లో స్కూటర్ ఉన్న ప్రతి మగవాడూ పొద్దున్నే బండిని ఒక పక్కకు, ఇంచుమించు నేలకు తాకేదాకా వంచి, కాసేపు అలాగే పట్టుకుని, మళ్ళీ లేపి కిక్కు కొట్టేవాడు. పెట్రోలు ఇంజన్లోకి దిగడానికట. దిగేదో లేదో దేవుడికెరుక. వంచకుండా కిక్కు కొట్టినవాణ్ణి మాత్రం మా వీధిలో నేను చూడలేదు. పండక్కి వచ్చిన అల్లుడు కూడా ముందు మామగారి బండిని వంచి, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. నేను ఒకసారి ప్రయత్నిస్తే బండి నా మీదికి వచ్చింది. అంతటితో నా డ్రైవింగు చదువు ముగిసిందని మా ఆయన తీర్పు చెప్పేశాడు.

ఆయన రిటైరయ్యాడు, ఆ స్కూటర్‌నూ అమ్మేశాడు. నేను ఆటోల్లో తిరగడం మొదలుపెట్టాను. నా రిటైర్మెంటు కూడా ఏడాదిలోకి వచ్చేసరికి నాకు ఒక పట్టుదల పుట్టింది. మా శాఖలో పదవీ విరమణ అంటే ఒక పద్ధతి ఉంది. శాలువాలు కప్పుతారు, మనిషిని మించిన దండ వేస్తారు, మంచి మాటలన్నీ ఆ ఒక్క పూటకే దాచిపెట్టినట్టు మాట్లాడతారు. చివర్లో పూలు కట్టిన కారు తెచ్చి, భార్యాభర్తలిద్దరినీ అందులో కూర్చోబెట్టి ఇంటిదాకా దిగబెడతారు. అచ్చం అప్పగింతలే. కొందరు ఏడుస్తారు కూడా. నాకు ఆ కారు వద్దు. ఆఖరి డ్యూటీ దిగి, నా బండి మీద, నేనే నడుపుకుంటూ ఇంటికి రావాలి. అదీ గేర్లున్న ఆ పాత రకం స్కూటర్ మీదే. నాకు వచ్చిన విద్య అదొక్కటే మరి.

మా వైపు అలాంటి బండ్లు కొన్ని చూశాను. సత్తుపల్లిలో ఒకటి ఉందంటే వెళ్ళాం. దాని డిక్కీలో కోడి గుడ్లు పొదుగుతోంది, అది లేచేదాకా బండి చూపించనన్నాడు ఆసామి. ఎర్రుపాలెం దగ్గర ఇంకొకటి. అందులో సగం ఇనుము, మిగతా సగం బైండింగు వైరు. అన్నిటికంటే నాకు ఒళ్ళు మండింది ఎక్కడంటే, కొనేది నేనని చెప్పినా ప్రతివాడూ మా ఆయనతోనే మాట్లాడతాడు. మైలేజీ ఆయనకు చెబుతాడు, తాళం చెవి ఆయన చేతిలో పెడతాడు, నాకు మాత్రం మంచినీళ్ళు ఇస్తాడు.

అలాంటి రోజుల్లో మధ్యాహ్నం అన్నం తింటూ ఫోన్లో ఒక వీడియో చూశాను. వియత్నాంలో ఒక వర్క్‌షాప్. అరవై ఏళ్ళ నాటి స్కూటర్లను ఎముకలతో సహా విడదీసి, తుప్పు గీకి, సొట్టలు తీసి, రంగేసి, కొత్త పెళ్ళికూతుళ్ళలా నిలబెడుతున్నారు. పరాయి దేశాలకు పంపుతామని కూడా రాశారు. మా దవాఖానా ఫార్మసిస్టుకు ఇంగ్లీషు బాగా వచ్చు, అతని చేత మెసేజ్ పెట్టించాను. మర్నాడు ఆ షాపు యజమాని వీడియో కాల్ చేశాడు. సన్నటి మనిషి, చేతులకు గ్రీజు. అతని ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో ఫెయిలైనవి కాబట్టి మా ఇద్దరికీ చక్కగా కుదిరింది.

అతను అడిగిన మొదటి ప్రశ్న, "మేడమ్, మీ ఎత్తెంత?"

నేను గోడకు ఆనుకుని నిలబడితే ఫార్మసిస్టు టేపు పెట్టి కొలిచాడు. కూర్చుంటే కాలు నేలకు ఎంత దూరం ఉండాలో, నా పిడికిలి ఎంతో, అన్నీ అడిగాడు ఆ వియత్నాం మనిషి. క్లచ్చు లీవర్ను నా వేళ్ళకు అందేట్టు వంచుతానన్నాడు, సీటు తగ్గిస్తానన్నాడు. మా ఆయన గురించి ఒక్క మాట అడగలేదు. ఆ పూట నేను ఎంత సంబరపడ్డానో చెబితే నవ్వుతారు. నా డబ్బు అతనికే ఇవ్వాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

పరాయి దేశపు పాత బండిని మన దేశంలోకి దింపడానికి పడ్డ పాట్లు చెబితే అదో భారతం. ఒక ఏజెంటు, ఆ ఏజెంటుకు మరో ఏజెంటు, వాళ్ళిద్దరూ కలిసి నా బీపీ. మొత్తానికి చెన్నై రేవులో దిగిన చెక్కపెట్టె లారీ ఎక్కి మా వైపు బయల్దేరింది. తీరా మా అడవి దారిలో చెక్‌పోస్టు దగ్గర ఆగిపోయింది. లోపల ఏముందని ఎవరూ అడగలేదట. బయట ఉన్న చెక్క ఏమిటని అడిగారు. కలపకు పర్మిట్ కావాలి కదా. డ్రైవర్ ఫోన్ చేస్తే మా ఆయన ఆగమేఘాల మీద వెళ్ళాడు. పోయినవాడు బండిని విడిపించుకు రాకుండా, తన పాత శాఖవాళ్ళతో కలిసి ఆ పెట్టెను గోటితో గీకి, వాసన చూసి, టేకు కాదు, మద్ది కాదు, ఏగిస అంతకంటే కాదు అని తేల్చేసరికి పొద్దు వాలింది.

"చెక్క మంచిదే. బెంచీ జేయించొచ్చు," అన్నాడు ఇంటికి రాగానే.

"లోపల స్కూటరుంది. అది గూడ జూడు జర," అన్నాను.

పెట్టె విప్పాం. మీగడ రంగు, అంచులకు ఆకుపచ్చ గీత. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. వీధంతా వచ్చింది. నిమ్మకాయలు చక్రాల కిందికి, పసుపు కుంకుమ హెడ్‌లైటు మీదికి, గుమ్మడికాయ రోడ్డు మీదికి వెళ్ళాయి. "అరవై ఏండ్ల బండికి ఇప్పుడు పురుడా" అని ఎవరో జోకేశారు. ఇంతలో మా ఎదురింటాయన, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి, తువ్వాలు నడుముకు బిగించి ముందుకొచ్చాడు.

"జరుగు బిడ్డా," అన్నాడు నాతో. హ్యాండిల్ పట్టుకున్నాడు. బండిని పక్కకు వంచాడు.

వంచి, పట్టుకుని, లేపి, కిక్కు కొట్టాడు. బండి కదల్లేదు. మా ఆయన రెండో పక్క పట్టి ఇంకాస్త వంచాడు. కదల్లేదు. పాలవాడు క్యాను దించి వచ్చి వంచాడు. ఆ దారిన పోతున్న ఒకాయన, ఎవరో కూడా మాకు తెలియదు, తన మోటార్ సైకిల్‌కు స్టాండ్ వేసి మరీ వచ్చి వంచి పోయాడు. ప్లగ్గు విప్పితే తడిసి ముద్దగా ఉంది. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ బిగించి, మళ్ళీ వంచారు.

"పరాయి దేశపోడు మోసం జేసిండు," అని తేల్చాడు ఎదురింటాయన.

సాయంత్రం వియత్నాంకు వీడియో కాల్ చేశాం. ఏం చేశారో చూపించమన్నాడతను. ఎదురింటాయన చొక్కా సర్దుకుని, కెమెరాకు బాగా కనబడేట్టు, బండిని ఎప్పటికంటే నిదానంగా నేలదాకా వంచి చూపించాడు. అటువైపు మనిషి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. తర్వాత గట్టిగా ఏదో అరుస్తూ, అరచేయి నిటారుగా నిలబెట్టి చూపించాడు. అంతలో మా సిగ్నల్ పోయింది.

"చూసినవా? లేపేటప్పుడు నిటారుగ లేపాలెనంట," అన్నాడు ఎదురింటాయన.

"తల పట్టుకుండెందుకు మరి?" అన్నాను.

"మన పనితనం జూసి," అన్నాడు మా ఆయన.

నేను నోరు తెరిచే లోపలే అందరూ మళ్ళీ బండి చుట్టూ చేరారు. నాకు అనుమానం రాలేదని కాదు. కానీ ఆ గుంపులోకి దూరడం ఎలా? 'నువ్వు జరుగక్కా, నూనె అంటుద్ది' అని ఒకడు, 'మీ కాలు మీద పడుద్ది' అని ఇంకొకడు. నా బండిని నేను తప్ప ఊరు ఊరంతా తాకింది. వియత్నాంకు మళ్ళీ ఫోన్ చేద్దామంటే, 'నిటారుగ లేపమన్నడు గద, ఇంకేమడుగుతం' అని కొట్టిపారేశారు. రోజులు ఇట్లాగే గడిచాయి. వచ్చినవాడల్లా వంచి చూసి, పెదవి విరిచి, టీ తాగి పోతున్నాడు. పాలవాడికైతే అదొక దినచర్య అయిపోయింది. నాకేమో ఉన్న సర్వీసు కరిగిపోతోంది. రిటైర్మెంటు రోజున పూల కారే ఎక్కాల్సి వస్తుందేమోనని గుబులు పట్టుకుంది. ఒకరోజు అన్నం కూడా సయించలేదు.

ఒక ఆదివారం పొద్దున మా ఆయన కూరగాయలకు వెళ్ళాడు. ఎదురింటాయన కొడుకు దగ్గరికి ఖమ్మం పోయాడు. వీధిలో మగవాసన లేదు. నేను రేకుల షెడ్డులోకి వెళ్ళి, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపి, బండిని స్టాండు మీద నుంచి దించాను. ముందు వంచాలి కదా. హ్యాండిల్ పట్టుకుని పక్కకు లాగాను. ఎంత బరువో! నడుములో కలుక్కుమంది. ఇంకొంచెం వంచితే బండితో పాటు నేనూ పడతాను. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. వంచలేకపోతే పోనీ అని, నిలబడ్డదాన్ని నిలబడ్డట్టే ఉంచి, కోపం కొద్దీ ఒక్క తన్ను తన్నాను.

స్టార్టయింది.

ఒక్క కిక్కుకు. ఆ చప్పుడు విని నేనే భయపడి రెండడుగులు వెనక్కి వేశాను. బండి మాత్రం అలాగే మెత్తగా కొట్టుకుంటోంది. ఆపాను. మళ్ళీ తన్నాను. మళ్ళీ స్టార్టయింది. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు. మా పాత బండ్లకు అరిగిపోయిన కార్బురేటర్లు కాబట్టి వంచితేనే పెట్రోలు దిగేదేమో. దీన్ని అతను అన్నీ కొత్తగా చేసి పంపాడు. వంచిన ప్రతిసారీ పెట్రోలు పొంగి ప్లగ్గును ముంచేస్తోంది. బాగున్న రోగికి ఊరంతా కలిసి మందు పోసి పడగొట్టారన్నమాట.

కూరగాయల సంచీతో మా ఆయన గేటు దగ్గరే నిలబడిపోయాడు.

"స్టార్ట్ ఎట్లయింది?"

"వంచకపోతే అయింది."

సంచీ కింద పెట్టాడు. "అవ్. నిన్న పొద్దుగూకంగ నేను బాగ వంచి పెట్టిన గద. ఇప్పుడు దిగింది," అన్నాడు.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, నేను ఎంత చెప్పినా ఆ మాట మార్చలేదు. నేను కూడా వాదన మానేసి షెడ్డుకు తాళం వేశాను. తాళం చెవి జాకెట్లో పెట్టుకున్నాను. అక్కడినుంచి రోజూ తెల్లవారగానే కాలేజీ గ్రౌండులో నా సాధన. ఎడమ చెయ్యి చూసి నేర్చిన చదువు వృథా పోలేదు. గేర్లు మార్చడం నాకు పుట్టుకతో వచ్చినట్టే వచ్చింది. రాకపోయింది బ్రేకు. అది కుడికాలి పని. వెనక కూర్చుని ఆ కాలిని నేను ఎన్నడూ చూడలేదు. అందుకని రెండుసార్లు గోల్‌పోస్టుకు, ఒకసారి వాకింగు చేస్తున్న తహసీల్ ఆఫీసు గుమాస్తాకు తగిలి ఆగాను. మా ఆయన గట్టు మీద కూర్చుని, "క్లచ్చు! క్లచ్చు!" అని అరుస్తుండేవాడు. బ్రేకని ఒక్కసారీ అనలేదు. లైసెన్సు పరీక్షలో మాత్రం ఎనిమిది అంకె చక్కగా వేశాను.

చివరికి ఆ రోజు వచ్చింది. పట్టుచీర కట్టుకుని నేను స్కూటర్ మీద దవాఖానాకు వెళ్ళాను, మా ఆయన ఆటోలో వెనకాల వచ్చాడు. నా వెనక కూర్చోమంటే, ముందు ఒకసారి పోయిరా చూద్దాం అన్నాడు. శాలువాలు, దండ, మంచి మాటలు అన్నీ అయ్యాయి. పూల కారు ఎట్లాగూ తెచ్చారు, వద్దన్నా వినలేదు. నేను లోపల మా చిన్న నర్సులకు వీడ్కోలు చెప్పి, కొంగు దోపుకుని బయటికి వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయింది.

దవాఖానా మగవాళ్ళందరూ నా స్కూటర్ చుట్టూ ఉన్నారు. అంబులెన్స్ డ్రైవర్ హ్యాండిల్ పట్టుకున్నాడు, ఫార్మసిస్టు వెనక భాగం పట్టుకున్నాడు, ఇద్దరూ కలిసి బండిని నేలదాకా వంచి ఉంచారు. పెట్రోలు చుక్కలు చుక్కలుగా మట్టిలో పడుతోంది.

"మీకు కష్టం గాకుంట స్టార్ట్ జేసి పెడ్తున్నమక్కా," అన్నాడు ఫార్మసిస్టు ప్రేమగా.

లేపి కొట్టారు. కాలేదు. అంబులెన్స్ డ్రైవర్ కొట్టాడు, కాలేదు. కారు డ్రైవర్ హారన్ కొట్టి, "రాండ్రి మేడమ్, కార్ల పోదాం" అన్నాడు. అందరూ జాలిగా చూశారు. మందుల కోసం వచ్చి అరుగు మీద కూర్చున్న కోయ ముసలమ్మ ఒకామె, నాకు చాలా ఏళ్ళుగా తెలిసిన మనిషి, చుట్ట నోట్లోంచి తీసి అన్నది:

"గింతమంది మొగోళ్ళున్నరు, ఒక్క బండిని లేపలేకపోతున్నరా? సిస్టరమ్మకు ఇయ్యుండ్రి."

నాకు అప్పుడు వచ్చింది అసలు కోపం. ముప్పై ఏళ్ళు ప్రసవాల గది బయట మగవాళ్ళను అదిలించిన గొంతు నాది. ఆ గొంతు తీశాను.

"అందరు దూరం జరుగుండ్రి! బండిని నిటారుగ నిలబెట్టి చేతులు తియ్యుండ్రి. నేను చెప్పేదాక ఎవ్వరు ముట్టొద్దు. ముట్టినోనికి సూది!"

జరిగారు. డాక్టరుగారు కూడా జరిగారు, పాపం ఆయన అసలు ముట్టనే లేదు. ప్లగ్గు ఆరేదాకా ఆగాలి. దండ మెడలోనే ఉంది, ఎండ నెత్తిన ఉంది, ఎవరూ కదలరు, నేను బండి పక్కన నిలబడి ఉన్నాను. ఇది ఇప్పుడు స్టార్ట్ కాకపోతే ఈ పూల కారులో నేను ఏడుస్తూ పోవాలి, అది వీడ్కోలు ఏడుపు అనుకుంటారు అందరూ.

దండ తీసి ముసలమ్మ ఒళ్ళో పెట్టాను. హెల్మెట్ పెట్టుకున్నాను. నిటారుగా, ఒక్క తన్ను.

స్టార్టయింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నేను ఎక్కి కూర్చుని మొదటి గేరు వేశాను. అప్పటికి మా ఆయన శాలువాలన్నీ చంకలో పెట్టుకుని కారు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఒకసారి కారులోకి చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. శాలువాలు కారు సీటు మీద పడేసి, తలుపు వేసి, వచ్చి నా వెనక కూర్చున్నాడు. నా ఎత్తుకు తగ్గించిన సీటు కాబట్టి ఆయన మోకాళ్ళు నా నడుము దాకా వచ్చాయి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు. చాలాసేపు గాల్లోనే పెట్టుకుని, మొదటి గుంత రాగానే నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

పొద్దున వచ్చేటప్పుడు భయంతో బండిని తప్ప ఏమీ చూడలేదు కాబట్టి, దారి నాకు పూర్తిగా కనిపించడం అదే మొదటిసారి. రెండు పక్కలా చేలు, మధ్యలో రోడ్డు, ఎదురుగా వచ్చే లారీలు, అన్నీ ముందు నాకే కనిపిస్తున్నాయి. వెనక పూల కారు ఖాళీగా వస్తోంది. మా ఆయన మొదట్లో 'మూడు ఎయ్యి, రెండు ఎయ్యి' అన్నాడు. అప్పటికే వేసి ఉండడం చూసి కొంతసేపటికి మానేశాడు. భద్రాచలం వచ్చింది. మా వీధి వచ్చింది. మలుపు దగ్గర ఎదురింటాయన హారతి పళ్ళెంతో, పాలవాడు క్యానుతో, అందరూ నిలబడి ఉన్నారు. నేను వేగం తగ్గించలేదు. చెయ్యి ఊపి ముందుకు వెళ్ళిపోయాను.

"ఏమే, ఇల్లు దాటిపోయినవ్," అన్నాడు వెనక నుంచి.

"అవ్, తెలుసు."

ముందు గోదావరి వంతెన కనిపిస్తోంది. నాకు ఆగాలని లేదు. జీవితంలో ఎన్నడూ లేనంత సంతోషంగా ఉంది, అది ఆయనకు ఎలా చెప్పాలో తెలియక మూడో గేరు వేశాను. ఆయన నా భుజం మీద చెయ్యి కొంచెం సడలించి అన్నాడు:

"పెట్రోలు నిండుగ ఉందిలే. పో."